పిలుపుల దిబ్బకు ఆ పేరు ఎందుకొచ్చింది

నేను పుట్టింది పూతలపట్టు దగ్గర ఒక రైతు కుటుంబంలో. ఉద్యోగం చేసింది, ఇల్లు కట్టుకున్నది, రిటైరైంది తిరుపతిలో. దయ్యాల విషయంలో ఊహ తెలిసినప్పటి నుంచి నాది ఒకటే మాట: లేవు. మా ఊళ్లో అందరూ భయపడే చింతతోపులో వేసవంతా మంచం వేసుకుని పడుకున్నవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎవరో ఉరివేసుకున్నారని అద్దెకు ఎవరూ రాని ఇంట్లో ఏళ్ల తరబడి కాపురం ఉన్నాను. ఆ ఇంట్లో నన్ను బాధపెట్టినవి వానకు కారే పెంకులు, చెదలు. అంతే.

డైరీ రాయడం నాకు మొదటి నుంచీ అలవాటు. వాన పడితే వాన, బస్సు ఆలస్యమైతే ఆలస్యం, ఏది జరిగితే అది రాసి పడుకుంటాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి కూడా ఆనాటి డైరీ ముందు పెట్టుకునే రాస్తున్నాను. జ్ఞాపకాన్ని నమ్మి ఒక్క ముక్క కూడా కలపలేదు. దీంట్లో దయ్యం ఉందని నేను ఇప్పటికీ అనను. మరి ఏముందంటే చెప్పలేను.

డెబ్భైల చివరి ఏళ్లు. పాత దిబ్బలకు, పాత కట్టడాలకు కొలతలు తీసి పటాలు గీసే పని నాది. ఆ చలికాలం మమ్మల్ని పులికాట్ సరస్సు ఒడ్డుకు పంపారు. శ్రీకాళహస్తి మీదుగా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి జీపులో ఉప్పునేల దాటి, సవుకుతోపులో డేరాలు వేసుకున్నాం.

తోపుకు తూర్పున, నీళ్లలోకి ముక్కులాగా పొడుచుకుని వెళ్లిన ఒక ఎత్తైన దిబ్బ ఉంది. దానిమీద ఎక్కడ కాలితో గీరినా పాత కుండపెంకులు తేలేవి. మూరెడు పొడవు ఇటుకలు, గాజుపూసలు, కాల్చిన మట్టి ఒరలతో కట్టిన ఒక బావి దొరికాయి. ఎప్పుడో పడవల వ్యాపారం జరిగిన చోటని మావాళ్ల అంచనా. ఆ దిబ్బను చుట్టుపక్కల అందరూ పిలుపుల దిబ్బ అంటారు. మనుషులు ఎవరూ ఉండరు.

దిబ్బ పటం గీయడంతో పాటు ఆ పేరు ఎందుకొచ్చిందో విచారించి ఒక పేజీ రాసే పని కూడా మా అధికారి నాకే అప్పగించారు. వింటే రాసుకునే మనిషినని ఆయనకు తెలుసు.

నేను పద్ధతిగానే మొదలుపెట్టాను. మొదట దగ్గరి ఊళ్లో ఒక పెద్దరైతును అడిగాను. పూర్వం అది రేవని, ఓడలు వచ్చినప్పుడు రేవు కాపరి దిబ్బ ఎక్కి ఒక్కో ఓడనూ పేరు పెట్టి పిలిచేవాడని చెప్పాడు. ఎవరు చెప్పారంటే అందరూ చెప్పుకునేదే అన్నాడు. తరువాత మేకలు కాసేవాళ్లను అడిగాను. దిబ్బ మీద దయ్యాలు మనిషిని పేరు పెట్టి పిలుస్తాయని, పలికితే పోతారని చెప్పారు. ఎవరు పోయారని అడిగితే ఒక్క పేరూ చెప్పలేకపోయారు. రెండూ రాసుకున్నాను. రెండూ నాకు నమ్మకం కలిగించలేదు.

మూడో మనిషి కావమ్మ.

మాకు పడవ నడిపే పోలయ్య తల్లి ఆమె. దిబ్బకు పడమటగా రోడ్డుపక్కన ఉన్న పల్లెలో వాళ్ల గుడిసె. ముప్పై ఏళ్ల మనిషి పోలయ్య, నవ్వకుండా మాట్లాడడు. కావమ్మకు మోకాళ్లు వాచిపోయి నడక తగ్గింది గానీ మాట మాత్రం తగ్గలేదు. నేను వెళ్లేసరికి ఆమె వసారాలో కూర్చుని ఉంది. కోడలు మంగమ్మ పక్కన రొయ్యలు ఒలుస్తోంది. పోలయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

కాగితంలో అందరి పేర్లూ రాసుకోవడం నా పద్ధతి. "మీ ఆయన పూర్తి పేరేందమ్మా?" అని మంగమ్మను అడిగాను.

"మా అత్తనడుగు సారూ," అంది తల ఎత్తకుండా.

"చెప్పదప్పా అది," అంది కావమ్మ. "ఓట్లు రాసుకునేవాళ్ళు వచ్చినా పక్కింటామెను పిలిచి చెప్పించింది."

"మొగుని పేరు చెప్తే నోరు పుచ్చిపోదా అత్తా?"

"నన్ను 'ఇదో' అంటాది సార్," అన్నాడు పోలయ్య. "మా ఇంట్లో కుక్కకు పేరుండాది. నాకు లేదు."

"కుక్క పిలిస్తే వస్తాది, నువ్వు వస్తావా?" అంది మంగమ్మ. కావమ్మ కూడా నవ్వింది.

ఆ నవ్వులోనే నాకు కావలసిన సంగతి బయటపడింది. "దిబ్బ మింద మాత్రం చెప్పొచ్చు. ఆడ తప్పు లేదు," అంది కావమ్మ.

ఎందుకు లేదని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

"మా పల్లె ముందర దిబ్బ మిందనే ఉండేదప్పా. సలికాలం మంచు దిగితే నీళ్ళ మింద యాడ గట్టో యాడ సముద్రమో తెలవదు. ఆడోళ్ళం దిబ్బ కొసకు పోయి పిలిచేవాళ్ళం. అందరూ ఒక్కసారే అరిస్తే ఏ గొంతు ఎవురిదో తెలవదు గదా. అందుకని ఇంటికొకరు, వరస తప్పకుండా. పేరు ఒక్కటే పిలవాల. రా అనకూడదు. ఏమయ్యా అనకూడదు. ఏమయ్యా అంటే నీళ్ళ మింద ఉండే మొగోళ్ళంతా ఏమయ్యలే."

"పిలిస్తే?"

"ఆయప్ప 'వస్తాండా' అని పలకాల. పలికితే ఆయమ్మ దిగొచ్చి ఎసరు పెట్టుకుంటాది. ఇంకొకామె ఎక్కుతాది. పలికిందాకా దిగకూడదు. ముందరామె దిగకుండా ఎనకామె నోరు తెరవకూడదు. అదీ కట్టుబాటు."

"పలకకపోతే?"

 పోలయ్య వల మీద నుంచి తల ఎత్తలేదు.

"నా మొగుడు పలకలా," అంది కావమ్మ.

పోలయ్య అప్పుడు ఉయ్యాలలో బిడ్డ. ఒక మంచు పొద్దున మిగతా అందరూ పలికి ఒడ్డుకొచ్చారు. చివరి వంతు ఆమెది. సాయంత్రం దాకా పిలిచింది. తండ్రి వచ్చి చెయ్యి పట్టుకుని దించుకెళ్లాడు. పడవ దొరకలేదు, మనిషీ దొరకలేదు.

ఆ తరువాత ఎప్పుడు మంచు దిగినా మొదటి వంతు ఆమెదే అయింది. ఆమె పిలిచిన పేరుకు బదులు రాలేదు కాబట్టి ఆమె వంతు తీరలేదు కదా. ఆమె ఎక్కి, లేని మనిషిని పిలిచేది. మిగతా ఆడవాళ్లు వంతు రాక కింద నిలబడేవాళ్లు. ఆమె గొంతు పట్టుకునే వాళ్ల మగవాళ్లు గట్టు చేరుకునేవాళ్లు. కొన్ని చలికాలాలు అలా గడిచాక బావిలో నీళ్లు ఉప్పుతిరిగి పల్లె మొత్తం రోడ్డుపక్కకు మారింది. దిబ్బ మీద పిలుపు ఆగిపోయింది.

"నీళ్ళు ఉప్పైనాయని లేసొచ్చినామంటారు అందరూ," అంది ఆమె. "నా వల్ల వరస ఆగిపోయినాది, అది ఎవురూ అనరు. మంచోళ్ళు. నేను పలికించుకోకుండా దిగొచ్చినా. ఆయప్ప ఎప్పుడన్నా పలికినాడేమో. నేను ఆడ లేకపోతినేమో. అదొక్కటే నాకు."

  కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఒక్కరి మాట మీద పేరు తేలదని మా అధికారి అన్నారు. సరైన మాటే. నేను పక్క పల్లెలకు వెళ్లి ముసలివాళ్లను వేర్వేరుగా కూర్చోబెట్టి అడిగాను. పిలిచే ఆచారం గురించి, వంతు గురించి, పేరు ఒక్కటే పిలవాలన్న కట్టుబాటు గురించి అందరూ ఒకే విధంగా చెప్పారు. తమ అమ్మలూ అవ్వలూ అక్కడే పిలిచేవాళ్లని కూడా చెప్పారు. రేవు కాపరి కథకు, దయ్యాల కథకు కూడా మూలం ఇదేనని నాకు స్పష్టంగా అర్థమైంది. పేజీ రాసి ఇచ్చాను. ఆ పేరుకు కారణం అదేనని అప్పుడెంత గట్టిగా నమ్మానో ఇప్పుడూ అంతే గట్టిగా నమ్ముతాను.

అసలు సంగతి ఆ పేజీ ఇచ్చిన తరువాత జరిగింది.

దిబ్బకు ఎదురుగా నీళ్ల మధ్యలో ఒక ఇసుకమేట ఉంది. దిబ్బ అంచును నీటివైపు నుంచి కొలవాలంటే ఆ మేట మీద జెండాకర్ర నాటాలి. ధనుర్మాసం. తెల్లవారగానే పోలయ్య, నేను ఇద్దరమే చిన్న పడవలో బయలుదేరాం. ఆ రోజు పల్లెలో ఎవరూ వేటకు పోలేదు. పక్క పల్లెలో పెళ్లి, అందరూ అక్కడికే. వెళ్లేటప్పుడు ఆకాశం శుభ్రంగా ఉంది. కర్ర నాటాను. తిరిగి వస్తుండగా సగం దారిలో మంచు దిగింది.

అలాంటి మంచు నేను చిత్తూరు కొండల్లో కూడా చూడలేదు. పడవ ముందు కొసలో నేను, వెనక కొసలో పడవ తోసే గెడ పట్టుకుని పోలయ్య. మా మధ్య ఒక వల కుప్ప, నా గొడుగు. వెనక్కి తిరిగి చూస్తే పోలయ్య తెల్లటి గుడ్డ వెనక నీడలాగా ఉన్నాడు. కాసేపటికి ఆ నీడ కూడా లేదు, గెడ నీళ్లలో పడే చప్పుడు మాత్రమే.

నాకు భయం వేయలేదు. సంచిలో దిక్సూచి ఉంది. తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కానీ పడమర ఎటో తెలిసినంత మాత్రాన మనం ఎక్కడున్నామో తెలియదు. నీళ్లు సముద్రంలోకి తీసే వేళ అది. సరస్సు ముఖద్వారం మాకు దక్షిణంగా ఉంది. అలలు విరిగే చప్పుడు అంతకుముందు లేదు, ఇప్పుడు వినిపిస్తోంది.

"నీళ్ళు లాగతా ఉండాయి సార్," అన్నాడు పోలయ్య. ఆ మాటలో నవ్వు లేదు. "లోతు తావకు పోతే గెడ అందదు. ఈడనే నిలపతా."

గెడను బురదలోకి దించి పడవను దానికి కట్టాడు. తాడు బిగుసుకుంది. పడవ వెనక కొస ప్రవాహానికి ఎదురు తిరిగి నిలిచింది. మంచు విడిచేదాకా అక్కడే ఉండటమని ఇద్దరం అనుకున్నాం. గెడ ఊగుతోంది. బురద మెత్తన. ఎంతసేపు ఆగుతుందో ఇద్దరికీ తెలియదు. పోలయ్య తన చేతులతో కూడా దాన్ని పట్టుకుని ఉన్నాడు.

అప్పుడు ఒక ఆడగొంతు వినిపించింది. "అంకయ్యా" అని.

దూరంగా, సాగదీసి, ఒక్కసారే. తరువాత ఎవరో మగమనిషి దానికి బదులు పలికినట్టు సన్నగా వినిపించింది. మాట తెలియలేదు.

"పెండ్లికి పోలేదా సార్ వీళ్ళు?" అన్నాడు పోలయ్య. "అంకయ్య ఎవురబ్బా? మా తావ అంకయ్య లేడే."

కాసేపటికి ఇంకో గొంతు. "వీరాసామీ." ఇది మొదటి గొంతు కాదు, ముసలిది. దీనికీ బదులు వచ్చింది. నాకు ధైర్యం వచ్చింది. మనలాగే నీళ్ల మీద ఇంకెవరో ఉన్నారు, గట్టు మీద మనుషులున్నారు అనుకున్నాను. శబ్దం ఎటు నుంచి వస్తుందో దిక్సూచితో చూడబోయాను. మంచులో చప్పుడు చెదిరిపోతుంది. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి ఎదురుగా. అంతలో "ఆర్ముగం" అని మూడో గొంతు.

"పడవ ఇప్పుదామా సార్? ఆ అరుపు మిందికి పోదాం," అన్నాడు పోలయ్య.

"రోంత ఆగప్పా, దిక్కు తేలనీ," అన్నాను.

అప్పుడు నాలుగో గొంతు మొదలైంది.

"సింగయ్యా."

ఇది ఒక్కసారితో ఆగలేదు. మళ్లీ పిలిచింది. మళ్లీ. బదులు లేదు. వయసులో ఉన్న గొంతు, కానీ అరిచి అరిచి బొంగురుపోయింది. ఇన్నిసార్లు పిలిచింది కాబట్టి నాకు దిక్కు పట్టుకోవడానికి వీలైంది. చూసిన ప్రతిసారీ ముల్లు ఒకే గుర్తు మీద నిలిచింది. పడమరకు కొంచెం ఉత్తరంగా.

"దొరికింది పోలయ్యా, దిబ్బ అటే," అన్నాను.

 గెడను సర్దుతున్న చేతుల చప్పుడు ఆగిపోయింది. "అది మా నాయన పేరు సార్," అన్నాడు.

 దిక్సూచి మీద నుంచి కన్ను తీయకుండా కూర్చున్నాను. పిలుపు ఆగడం లేదు. తాడు కిర్రుమంటోంది, గెడ వంగుతోంది, అలల చప్పుడు దగ్గరవుతోంది. గెడ ఊడితే మేం ముఖద్వారంలోనే తేలతాం.

"సింగయ్యా."

"వచ్చినా."

ఆ బదులు నాకు సరిగ్గా నా వీపు వెనక నుంచి వినిపించింది. దగ్గరగా, అలసిపోయిన మగగొంతు. నేను వెనక్కి తిరగలేదు. తిరగాలని అనిపించలేదు. తండ్రి పేరు విని తట్టుకోలేక కొడుకు పలికాడు, పలకనీ అనుకున్నాను. అలాంటప్పుడు మనిషి ముఖం చూడకూడదు.

పిలుపు ఆగిపోయింది.  తరువాత అదే గుర్తు నుంచి, ఈసారి మాకు బాగా తెలిసిన గొంతు, గట్టిగా, ఏడుపు కలిసి వినిపించింది.

"పోలయ్యా!"

"మంగ!" అన్నాడు పోలయ్య. "వస్తాండా!" అని ఆ సరస్సంతా వినిపించేటట్టు అరిచాడు. తాడు ఇప్పాడు. నేను దిక్కు చెబుతూ వచ్చాను, అతను తోస్తూ వచ్చాడు. ఆ గొంతు పిలుస్తూనే ఉంది. పడవ దిబ్బ కొసనే ఇసుకకు తగిలింది.

అక్కడ మంగమ్మ ఒక్కతే ఉంది. తలంతా మంచుతో తడిసిపోయి ఉంది. పల్లె నుంచి దిబ్బ దాకా పరుగెత్తి వచ్చింది. మిగతా ఆడవాళ్లు ఏరని అడిగాను.

"ఎవురు సారూ? నేనే ఉండేది. పెండ్లికి పోయినారంతా," అంది. అని మొగుడి మీద పడింది. "ముందర ఒక పారి పలికి గమ్మునైపోతే నేనేమనుకోవాల? పానం పోయినాది నాకు."

"పలికినానా?" అన్నాడు పోలయ్య.

"వచ్చినా అన్లా? అది ఇనే గదా నేను నోరు తెరిచి నీ పేరు పిలిచింది. అంతదాకా అత్త వంతు తీరలేదే, కట్టుబాటు దాటొచ్చో లేదో తెలవక గమ్మున నిలబడి ఏడస్తా ఉండినా."

పోలయ్య నావైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు.  అతను సిగ్గుపడుతున్నాడు కాబోలు అనుకున్నాను.

దిగే ముందు నేను నా పని చేశాను. దిబ్బ కొస చుట్టూ తిరిగి చూశాను. తడి ఇసుకలో మంగమ్మ వచ్చిన అడుగులు తప్ప ఇంకొకరి అడుగులు లేవు. మంగమ్మ వేరే ఏ ఆడగొంతూ వినలేదు. అంకయ్య, వీరాసామి, ఆర్ముగం అన్న పిలుపులు మేమిద్దరమే విన్నాం. పలికిన బదులు మాత్రం ఆమె కూడా విన్నది.

గుడిసెకు వెళ్లేసరికి కావమ్మ గుంజ పట్టుకుని నిలబడి ఉంది. కొడుకును పట్టుకుని ముఖం, చేతులు తడిమింది. అందరం కూర్చున్నాక జరిగింది చెప్పమంది.  నేనే చెప్పాను. విన్న పేర్లు వరసగా చెప్పాను.

అంకయ్య అనగానే, "మా పెద్దింటాయన," అంది. వీరాసామి అనగానే, "ఆయన్ను వాళ్ళమ్మ పిలిచేది. పెండ్లి కాలా ఆయనకు," అంది. రెండో గొంతు ముసలిదని నేను ఆమెకు అప్పటికి చెప్పలేదు. ఆర్ముగం అనేసరికి ఆమె మాట్లాడటం మానేసింది. ఆ తరువాత వరస ఎవరిదో ఆమెకు తెలుసు.

నేను సింగయ్య పేరు చెప్పాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. "పలికినాడా?" అంది.

ఒక మనిషి ముప్పై ఏళ్లుగా అడగడానికి కూడా ఎవరూ దొరకని ప్రశ్న అది. జాలిపడి ఒక మాట చెప్పడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు చెప్పాలి.

"బదులు వినబడిందమ్మా," అన్నాను. "కానీ పలికింది పోలయ్య."

"నేనా?" అన్నాడు పోలయ్య. "మీరు గదా సార్ పలికింది!"

"నేను నోరు తెరవలేదప్పా. నా ఎనక నుంచి వచ్చింది."

"నాకు ముందర నుంచి వచ్చినాది సార్. మీరు మా అమ్మ కోసరం పలికినారనుకున్నా. మా నాయన పేరుకు నేనెట్ల పలుకుతా? ఇంకొకరి పేరుకు పలక్కూడదు, ఉగ్గుపాలతో చెప్పింది మాయమ్మ."

 మంగమ్మ మొగుడిని, నన్ను మార్చి మార్చి చూస్తోంది.

"ఏమని పలికినాడు?" అంది కావమ్మ.

"వచ్చినా," అన్నాం ఇద్దరం.

"వస్తాండా అన్లేదా?"

"లేదమ్మా. వచ్చేశానన్నట్టు, వచ్చినా అనే."

 ఆమె కళ్లల్లో నీళ్లు లేవు. తరువాత గుంజ పట్టుకుని లేచింది. మంగమ్మ సాయం పోతే వద్దంది. పొయ్యి దగ్గరకు తనే వెళ్లి, కుండలో నీళ్లు పోసి, పొయ్యి మీద ఎసరు పెట్టింది. మాకెవరికీ అన్నం వేళ కాదది. ఎవరూ ఆమెను ఆపలేదు. ఆ రోజు ఆ అన్నం నేనూ తిన్నాను.

తరువాత నేను ఈ సంగతిని ఎన్ని వైపుల నుంచి చూడాలో అన్ని వైపుల నుంచీ చూశాను. పెళ్లి జరిగిన పల్లెకు వెళ్లి ఆ పొద్దున ఎవరి పడవైనా నీళ్లలో ఉందా అని విచారించాను. లేదన్నారు. పాత పేర్లు తల్లి నోట పోలయ్య ఎప్పుడో విని ఉంటాడు, నిజమే. కానీ నేను వినలేదు. కావమ్మ నాకు కట్టుబాటు చెప్పింది గానీ ఆ మగవాళ్ల పేర్లు చెప్పలేదు. కాగితం మళ్లీ చదివి చూసుకున్నాను. లేవు. పోలయ్య నన్ను ఆటపట్టించాడా? చావు ముందు నిలబడి, చచ్చిన తండ్రి పేరుతో ఏ కొడుకూ ఆటలాడడు. భయంలో మనసు కల్పించుకుందా? అలాగైతే ముగ్గురికీ ఒకే మాట ఎలా వినిపించింది? మూడో మనిషి మంగమ్మ అసలు పడవలోనే లేదు.

మా అధికారికి చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పలేదు. పేరు ఎందుకొచ్చిందో తేల్చడం నా పని. అది తేలింది. ఆచారం ఉండేదని, పల్లె మారాక నిలిచిపోయిందని నా పేజీ చెబుతుంది. దాంట్లో ఒక్క అక్షరం కూడా నేను మార్చలేదు. మార్చవలసిన అవసరం లేదు.

మేం డేరాలు ఎత్తేలోపు ఇంకోసారి మంచు దిగింది. ఆ పొద్దున పల్లె ఆడవాళ్లు దిబ్బ ఎక్కారు. ఒకరి తరువాత ఒకరు, వరసగా. నేను తోపులో నిలబడి విన్నాను. మంగమ్మ వంతు వచ్చినప్పుడు మొగుడి పేరును ఎంత గట్టిగా పిలిచిందంటే మా వంటమనిషి కూడా నవ్వాడు. కావమ్మ వెళ్లలేదు. ఆమెకు ఇక వంతు లేదు.

ఆ తరువాత కూడా పోలయ్యను చాలాసార్లు కలిశాను. నిమ్మకాయల మూటలతో గూడూరు నుంచి వచ్చే బస్సులో ఒకసారి తిరుపతి కొండకు వచ్చి మా ఇంట్లో దిగాడు. కలిసిన ప్రతిసారీ నన్ను పక్కకు పిలిచి, "నిజం చెప్పండి సార్, మీరు కాదా?" అని అడిగేవాడు. నేనూ అతన్ని అదే అడిగేవాణ్ణి. ఇద్దరం తల అడ్డంగా ఊపేవాళ్లం.

కొలతల పనిలో ఒక పద్ధతి ఉంది. చేరలేని చోటు ఎక్కడుందో తెలియాలంటే రెండు చోట్ల నుంచి దాని దిక్కు చూస్తాం. రెండు గీతలు గీస్తాం. అవి ఎక్కడ కలిస్తే ఆ చోటు అక్కడే. నా ఉద్యోగమంతా ఆ పద్ధతిని నమ్మి చేశాను, ఒక్కసారి కూడా తప్పు రాలేదు. ఆ పొద్దున గొంతు నాకు వెనక నుంచి వినిపించింది, పోలయ్యకు ముందు నుంచి వినిపించింది. గీతలు గీసి చూశాను. అవి పడవ మధ్యలో కలుస్తాయి. అక్కడ ఒక వల కుప్ప, నా గొడుగు ఉన్నాయి. ఇంకెవరూ లేరు. ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు.